ఇంటి చుట్టు తిరుగు నేల సాలెపురుగులు: గుర్తించుట, అదుపులో నుంచుట

గ్రామములలో సాయంకాలపు సభ ముగిసిన పిమ్మట ప్రజలు మమ్ము అడుగు ప్రశ్నలు చాలవరకు సభలో చెప్పిన సంగతులను గూర్చి యుండవు. ఇంటిలో వారు పడు ఇక్కట్లను గూర్చి యుండును. పెనుకొండ ప్రాంతమున తొలకరి దినములలో తరచుగా వినవచ్చు ప్రశ్న యొకటి కలదు. "సార్, ఇంట్లో నేలమింద ఇంతింత సాలెపురుగులు తిరుగుతాండాయి. కుడితే మనిషి బతుకుతాడా? ఏం మందు కొట్టాల?"

ఈ ప్రశ్నకు సమాధానము రెండు మాటలలో చెప్పవచ్చును. మన ఇండ్లలో తిరుగు సాలెపురుగు కుట్టిన మనిషి నిశ్చయముగ బతుకును. మందు కొట్టనక్కరలేదు. అయితే ఇంతటితో ఊరకుండుటకు వీలులేదు. ఈ ప్రశ్న వెనుక రెండు పెద్ద ప్రమాదములు దాగియున్నవి. మొదటిది, పాము కరచినను తేలు కుట్టినను "సాలెపురుగేలే" యని ఊరకుండుట. రెండవది, సాలెపురుగును చంపబోయి ఇంటిలో విషము చల్లుకొనుట. సాలెపురుగు వలన ప్రాణము పోవుట అటుంచి, ఈ రెండు పొరపాట్ల వలన మాత్రము ప్రాణములు పోవచ్చును. కావున సాలెపురుగును చక్కగ గుర్తించుట ప్రతి యింటివారికిని అవసరము.

సాలెపురుగు పురుగు కాదు

పేరు సాలెపురుగే కాని, శాస్త్రజ్ఞుల లెక్కలో ఇది పురుగు జాతిలో చేరదు. ఈగ, చీమ, బొద్దింక మున్నగు కీటకములకు ఆరు కాళ్లు. శరీరము తల, ఎద, కడుపు అని మూడు భాగములు. సాలెపురుగునకు ఎనిమిది కాళ్లు. శరీరము రెండే భాగములు. రెక్కలు లేవు. చాల రకములకు ఎనిమిది కన్నులుండును. తేలు, ఆరుద్ర పురుగు, గోమారి దీని బంధువులు.

ధర్మవరము చుట్టుపట్లవారికి ఈ జీవి పేరు వివరింప నక్కరలేదు. సాలె యనగా నేతగాడు. కడుపు చివర నున్న చిన్న కొనల నుండి దారము తీసి నేయునది గనుక దీనికి సాలెపురుగు అని పేరు వచ్చినది. శ్రీకాళహస్తి అను పేరులోని "శ్రీ" సాలెపురుగే. శివలింగముపై గూడు నేసి ముక్తి పొందిన ఈ జీవి కథ మన పిల్లలు కూడ ఎరిగినదే.

సాలెపురుగు లన్నియు దారము తీయును గాని అన్నియు వల పన్నవు. కొన్ని వలలో కూర్చుండి ఎర కొరకు కాచియుండును. కొన్ని నేలమీద తిరిగి వేటాడును. మన ఇంటి గడప దాటి వచ్చి భయపెట్టునవి ఈ రెండవ తెగవి. వీని కోరలలో విషమున్నది; అది బొద్దింకను, చిమ్మటను, ఈగను కదలకుండ చేయుటకే. సాలెపురుగు నమలలేదు, ఎరను లోపల కరగించి ఆ రసమును పీల్చుకొనును. మనిషి దానికి ఎర కాడు. బట్టలలోనో, చెప్పులోనో చిక్కి నలిగినపుడు మాత్రమే అది కరచును.

2022వ సంవత్సరము నాటికి ప్రపంచమున పేరు పెట్టి నమోదు చేసిన సాలెపురుగు జాతులు 50,000 దాటినవి. వీనిలో మనుష్యునకు ప్రాణాపాయము కలిగింపగలవి అత్యల్పము. కడుపు క్రింద ఎర్రని మచ్చగల నల్లని చిన్న సాలెపురుగు జాతి యొకటి మన దేశమున కొన్ని చోట్ల కనుగొనబడినది. అది గట్టిగ బాధించును గాని, ఇండ్లలో తిరుగు సామాన్యపు రకము కాదు.

నేలమీద కనబడు రకములు

పెనుకొండ కొండయు, దాని చుట్టునున్న బండరాళ్లును, పాతకోట గోడలును, మట్టి కలుపక పేర్చిన రాతి దడులును ఈ జీవులకు చక్కని నివాసములు. ఈ సీమలో సాలుకు సగటున పడు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వేసవి యంతయు రాతి సందులలోను, నేల బొరియలలోను దాగియున్న జీవములు తొలి వానలకు ఒక్కసారిగ బయటపడును. బొరియలలో నీరు చేరుటయు, ఎరయగు పురుగులు దీపముల చుట్టు మూగుటయు ఇందుకు కారణములు. అప్పుడు మనకు కనబడు రకములు ముఖ్యముగ ఐదు.

1. నేల సాలెపురుగు: బూడిద లేక ఎలుక రంగు, పొడవుపాటి శరీరము. గింజ చిక్కుడంత లేక అంతకంటె చిన్నది. కడుపు చివర రెండు చిన్న గొట్టములవంటి కొనలు ఎడముగ నిలిచి కనబడును. పగలు రాళ్ల క్రింద, కట్టెల మోపుల క్రింద తెల్లని పలుచని సంచిలో దాగును. రాత్రి చురుకుగ పరుగెత్తి వేటాడును. నిరపాయకరము.

2. వేట సాలెపురుగు: గోధుమ లేక బూడిద రంగు, ఒంటిమీద చారలు. చేని గట్లమీద, పెరటిలో, పశువుల కొట్టములో తిరుగును. రాత్రివేళ టార్చిలైటును కంటి ఎత్తున పట్టుకొని నేలమీద వేసినచో దీని కన్నులు మంచుబొట్లవలె తళుక్కుమనును. తల్లి తన గ్రుడ్ల సంచిని కడుపు చివర తగిలించుకొని తిరుగును. పిల్లలు పొదిగిన పిమ్మట కొన్ని దినములు వానిని వీపుపై మోయును. అట్టి తల్లిని చీపురుతో కొట్టినపుడు పిల్లలు నలువైపులకు చెదరును. "ఒకటి చచ్చి నూరు పుట్టినవి" అని కొందరు భయపడుటకు కారణమిదే.

3. గరాటు సాలెపురుగు: గట్లమీద, గడ్డిలో, రాళ్ల మధ్య నేలకు పరచినట్లు తెల్లని వల నేయును. వల మధ్య గరాటువంటి బిలముండును. మంచుకాలపు ఉదయమున వేరుశనగ చేలగట్లమీద వేయి చేతిరుమాళ్లు ఆరవేసినట్లు కనబడు వలలు దీనివే. ఇంటిలోనికి సాధారణముగ రాదు.

4. గోడ సాలెపురుగు: కాళ్లతో కలిపి అరచేయంత యుండును. శరీరము చప్పిడిగ నుండును. వల పన్నదు. రాత్రి గోడమీద, వంటయింటి మూలలలో కదలక కూర్చుండి, మనిషి అలికిడికి ప్రక్కకు పరుగెత్తును. తల్లి బిళ్లవలె నుండు తెల్లని గ్రుడ్ల సంచిని పొట్ట క్రింద పట్టుకొని తిరుగును. ఆకారమునకు భయంకరము; పనికి ఉపకారి. బొద్దింకలు దీనికి ఇష్టమైన ఎర.

5. బొరియ సాలెపురుగు: లావుపాటి, నిండ రోమములు గల పెద్ద సాలెపురుగు. టరాంటులా యని పత్రికలు వ్రాయునది ఈ తెగయే. గట్లలో, బావి ఒడ్డులలో, కొండ వాలులలో గుండ్రని బొరియ త్రవ్వి, లోపల దారముతో పూత పూయును. ఆడుది ఏండ్ల తరబడి ఒకే బొరియలో నుండును. వానకాలపు రాత్రులలో జత వెదకుచు తిరుగునది మగది. అదియే దారి తప్పి ఇంటిలోనికి వచ్చును. ఇది కరచినచో నొప్పియు వాపును ఉండును. ఈ తెగలోని కొన్ని జాతులు కరచినపుడు కండరములు బిగిసి కొన్ని దినములు బాధించుటయు కలదు. అట్టివారు ఆసుపత్రిలో చూపించుకొనవలెను. అయినను ఈ తెగ కాటు వలన మనిషి మరణించినట్లు నిర్ధారణ ఎక్కడను కాలేదు.

సాలెపురుగని పొరబడునవి

తొలకరిలో ఇసుకనేలలపై ఎర్రని మఖమలు గుడ్డవలె మెరయుచు పాకు ఆరుద్ర పురుగును మన రైతు శుభసూచకముగ భావించును. అది ఎవరిని కరువదు. దానిని త్రొక్కకుండ పోవుటయే మన సంప్రదాయము.

మరి యొక జీవి కలదు. లేత పసుపు లేక ఇసుక రంగు, పది కాళ్లున్నట్లు కనబడును, గాలివలె పరుగెత్తును, తలవద్ద రెండు పెద్ద పటకారులవంటి దవడలుండును. ఎండ ఎక్కువగ నుండు మెట్ట ప్రదేశములలో రాత్రులందు దీపము వద్దకు వచ్చును. దీనికి విషము లేదు. చేతితో పట్టినచో దవడలతో గట్టిగ కొరుకును, అంతే.

తేలు విషయము వేరు. తోక చివర కొండి యున్నచో అది సాలెపురుగు కాదు. నల్లని పెద్ద మండ్రగబ్బ చూచుటకు భయంకరము గాని, దానికంటె చిన్నదైన ఎర్రతేలు పలుమడుగులు ప్రమాదకరము. రాళ్లు, ఇటుకలు, పిడకలు, పాత పెంకులు పేర్చిన చోట్ల సాలెపురుగును తేలును ఇరుగుపొరుగుగ నుండును. ఈ సంగతి మరువరాదు.

"సాలెపురుగు కుట్టింది" అను మాట వెనుక

ఒక ఇంటి సంగతి ఊహింపుడు. వానకాలపు రాత్రి. ఉక్కకు తాళలేక పిల్లవాడు నేలమీద చాపపై పండుకొన్నాడు. నడిరేయి ఏదో చురుక్కుమన్నదని లేచినాడు. దీపము వేసి చూచినారు. గాటు లేదు, వాపు లేదు. గోడమీద సాలెపురుగు కనబడినది. "అదేలే, పండుకో" అన్నారు. తెల్లవారుజామున పిల్లవానికి కడుపునొప్పి, వాంతి. కొంతసేపటికి కనురెప్పలు వాలినవి, మాట ముద్దకట్టినది, మ్రింగలేకున్నాడు.

అది సాలెపురుగు పని కాదు. అది కట్లపాము కాటు. రాత్రివేళ నేలపై నిద్రించువారిని ఈ పాము కరచుట సాధారణము. దీని కోరలు చిన్నవి. కాటు గుర్తు కనబడకపోవచ్చును. నొప్పియు, వాపును లేకపోవచ్చును. విషము మాత్రము నరములను పట్టి చివరకు ఊపిరిని ఆపును. గోడమీది సాలెపురుగు ఆ రాత్రి చేసిన నేరము అక్కడ కనబడుట మాత్రమే.

మన దేశమున 2000 నుండి 2019 వరకు ఇరువది యేండ్లలో పాముకాటు వలన సుమారు 12 లక్షల మంది మరణించిరని పరిశోధకులు అంచనా వేసిరి. ఈ మరణములు అధికముగ నున్న రాష్ట్రములలో మన రాష్ట్రమును కలదు. వీరిలో అధికులు పల్లెలవారే. అధిక మరణములు వానకాలముననే. కావున రాత్రి నిద్రలో ఏది కుట్టినదో కంటితో చూడనపుడు "సాలెపురుగు" అని తీర్పు చెప్పుట ఎవరికిని తగదు.

ఈ గుర్తులు ఏవి కనబడినను ఒక్క నిమిషమైనను జాగు చేయరాదు: కనురెప్పలు వాలుట, చూపు రెండుగ కనబడుట, మాట తడబడుట, మ్రింగలేకపోవుట, కారణము తెలియని కడుపునొప్పి, ఊపిరి ఆడకపోవుట, కాటుచోట నెత్తురు ఆగకపోవుట, వాపు పైకి ప్రాకుట. పిల్లలకు తేలు కుట్టినపుడు చెమటలు కారుట, వాంతులు, కాళ్లు చేతులు చల్లబడుట, ఆయాసము ప్రమాద సూచనలు. ఎర్రతేలు విషము గుండెను దెబ్బతీయును. 1980వ దశకము నుండి మహారాష్ట్రలోని మహద్ పట్టణ వైద్యుడు హిమ్మత్‌రావు బవస్కర్ ప్రజోసిన్ అను మాత్ర ఈ విషమునకు ఎంతటి మేలు చేయునో నిరూపించి అసంఖ్యాకుల ప్రాణములు కాపాడినారు. 2022లో వారికి పద్మశ్రీ లభించినది. మందు ఉన్నది, రోగి వేళకు ఆసుపత్రి చేరుటయే కావలెను.

అట్టి సమయమున 108కి ఫోను చేయవలెను. కరచిన కాలును గాని చేతిని గాని కదలనీయక, కర్రబద్ద ఆనించి వదులుగ కట్టవలెను. ఉంగరములు, కడియములు, మెట్టెలు తీసివేయవలెను. బ్లేడుతో గాట్లు పెట్టరాదు, నోటితో పీల్చరాదు, త్రాడుతో బిగించి కట్టరాదు, పసరు పోయరాదు. మంత్రము కొరకు ఎదురుచూచుచు కాలము గడపరాదు. పాము విషమునకు విరుగుడు మందు ప్రభుత్వాసుపత్రులలో ఉచితముగ ఇత్తురు.

మంత్రము, బ్లేడు వలన కలుగు చేటునకు అస్సాం రాష్ట్రపు ఉదాహరణ యొకటి చాలును. 2012లో ఆ రాష్ట్రపు సదియా పట్టణమున పెద్ద సాలెపురుగులు కరచుచున్నవని గొప్ప అలజడి చెలరేగినది. ఇద్దరు మరణించిరని పత్రికలు వ్రాసినవి. శవపరీక్ష జరుగకయే దహనము జరిగినందున, మరణమునకు సాలెపురుగే కారణమని తేలలేదు. గాయములను బ్లేడులతో కోసి నెత్తురు తీయించుకొన్న సంగతి మాత్రము వెలుగులోనికి వచ్చినది. భయము చేసిన హాని ఎంత, సాలెపురుగు చేసిన హాని ఎంత యని ఎవరికివారే ఆలోచించుకొనవచ్చును.

నిజముగ సాలెపురుగే కరచినదని కంటితో చూచినపుడు చేయవలసినది స్వల్పము. ఆ చోటును సబ్బుతోను నీటితోను కడుగవలెను. చల్లని తడిగుడ్డ వేయవలెను. గోకరాదు. నొప్పి గాని వాపు గాని మరునాటికి తగ్గక హెచ్చినచో, జ్వరము వచ్చినచో వైద్యునికి చూపవలెను.

"సాలెపురుగు పాకిన" పొక్కులు

వానకాలమున ఉదయము లేచునప్పటికి మెడమీదనో, ముఖముమీదనో కాలినట్లు ఎర్రని చార, దానిపై పొక్కులు కనబడును. "రాత్రి సాలెపురుగు పాకింది" అందురు. సాలెపురుగు పాకుట వలన పొక్కులు రావు. దీనికి కారణము దీపము వద్దకు వచ్చు ఒక చిన్న రెక్కపురుగు. బియ్యపుగింజకంటె కొంచెము పొడవు. ఒంటిమీద నారింజ ఎరుపు, నలుపు పట్టెలు. అది కరువదు, కుట్టదు. ఒంటిమీద వ్రాలినపుడు చేతితో నలిపినచో దాని రసము చర్మమును కాల్చును. ఆ మంట మరునాడో, ఆ పైనాడో తెలియును. ఒంటిమీద వ్రాలినచో నలుపక ఊది వేయవలెను. నలిగినచో వెంటనే సబ్బుతో కడుగవలెను. ఆ చేతితో కన్నులు నులుముకొనరాదు.

శరీరమునకు ఒక ప్రక్క మాత్రమే పట్టెవలె పొక్కులు లేచి, మండుచు, పోటు పెట్టుచుండినచో అది సర్పి కావచ్చును. ఒకప్పుడు ఆటలమ్మ తెచ్చిన సూక్ష్మక్రిమియే ఒంటిలో దాగియుండి మరల లేచుట వలన ఇది వచ్చును. పొక్కులు లేచిన మూడు దినములలోపల మందు మొదలుపెట్టినచో మేలు ఎక్కువ. పసర్లతో ఈ మూడు దినములు గడపరాదు.

అదుపు చేయు విధము

సాలెపురుగు ఇంటిలోనికి వచ్చుటకు కారణములు మూడు: దాగుటకు చోటు, తినుటకు ఎర, వచ్చుటకు దారి. ఈ మూటిని తొలగించినచో అది తనంతట తానే తొలగిపోవును. ఇందుకు కావలసినది చీపురు, సున్నము, కొంచెము ఓపిక.

దాగు చోటు: ఇంటి గోడ చుట్టు రెండు మూడడుగుల మేర నేలను శుభ్రముగ నుంచవలెను. కట్టెలు, పిడకలు, వేరుశనగ కట్టె, పాత పెంకులు, రాళ్లు గోడకు ఆనించి పేర్చరాదు. కట్టెలను రాళ్లపై ఎత్తుగ పేర్చవలెను. రాళ్లు ఎత్తునపుడు మొదట కర్రతో తిరుగవేసి చూచి, పిమ్మట చేయి పెట్టవలెను. కాళ్లకు చెప్పులుండవలెను. ఈ పని పగటివేళనే చేయవలెను. ఈ పని వలన సాలెపురుగు మాత్రమే కాదు, తేలును పామును కూడ దూరమగును. అసలు లాభమిదే.

ఎర: సాలెపురుగులు ఎక్కువగ నున్న ఇంటిలో బొద్దింకలు, చిమ్మటలు ఎక్కువగ నున్నవని తెలియవలెను. రాత్రి అంట్లు మిగులనీయరాదు. తినుబండారములపై మూతలుండవలెను. వాకిటి దీపము తెల్లనిదైనచో పురుగులు ఎక్కువగ మూగును. పసుపుపచ్చని వెలుగునిచ్చు బల్బు మేలు. అక్కర తీరగనే దీపము ఆర్పివేయవలెను.

దారి: గోడల పగుళ్లను, బండల మిద్దె సందులను సున్నము ఇసుకతో గాని, సిమెంటుతో గాని పూడ్చవలెను. తలుపు క్రింది సందునకు రబ్బరు పట్టీ గాని, మందపు గుడ్డ గాని కొట్టించవలెను. జాలాడి తూములకు, కిటికీలకు సన్నని వల బిగించవలెను.

బూజు: వారమున కొకసారి బూజుకర్రతో మూలలు దులుపవలెను. పండుగకు మాత్రమే దులిపిన బూజు పండుగ నాటికే మరల పట్టును. తెల్లని గ్రుడ్ల సంచులను చీపురుతో తీసి బయట పారవేయవలెను. ఒక సంచి తీసినచో నూరు పిల్లలు ఇంటిలో పుట్టకుండును. బూజును, బొరియలను కిరసనాయిలు పోసి కాల్చరాదు. గడ్డివాములున్న ఊరిలో ఒక నిప్పురవ్వ చాలును.

ఒంటరిగ కనబడిన పెద్ద సాలెపురుగును చంపనక్కరలేదు. వెడల్పు మూతిగల డబ్బాను గాని, గాజు గ్లాసును గాని దానిపై బోర్లించి, క్రింద గట్టి అట్టను మెల్లగ జొనిపి, రెంటిని కలిపి ఎత్తి పెరటి చివర వదలవలెను. చేయి తగులనక్కరలేదు.

పడక: వానకాలమున నేలపై పండుకొనుట మాని మంచము వాడవలెను. దోమతెర కట్టి, దాని అంచులను పరుపు క్రింద జొనుపవలెను. దోమతెర పాముకాటు ప్రమాదమును సైతము తగ్గించునని నేపాల్ దేశపు గ్రామములలో జరిగిన పరిశీలన తెలిపినది. ఉదయము చెప్పులు, బట్టలు, తలపాగ దులిపి వేసికొనవలెను.

మగ్గపు గుంత: ధర్మవరము నేతగాండ్రకు ఒక ప్రత్యేకపు హెచ్చరిక. గుంతమగ్గమున కాళ్లు పెట్టు గుంత చీకటిగ, చల్లగ నుండును. ఇట్టి చోటు సాలెపురుగునకు తేలునకు సమానముగ ఇష్టము. ప్రతి ఉదయము గుంతలో దీపము వేసి చూచి, చీపురుతో దులిపిన తరువాతనే కాలు పెట్టవలెను. గుంత గోడలకు సిమెంటు పూత పూయించి, ఏటేట సున్నము వేయించినచో మరియు మంచిది.

ఇంటిలో పురుగుమందు వలదు

"పొలానికి తెచ్చిన మందు కొంచెము మిగిలింది, ఇంటి మూలల్లో కొడితే పోతుంది గదా" అని కొందరు తలంతురు. ఇది మిక్కిలి ప్రమాదకరము. పైరుమందు ఇంటిలో చల్లుటకు తయారైనది కాదు. పిల్లలు నేలపై ప్రాకుదురు. ఆ చేతులే నోటిలో పెట్టుకొందురు. మందు ఆవిరి మూసిన గదిలో నిలుచును. తిండిగింజలపై, నీటికుండలపై పడును. గీతలు గీయు విషపు సుద్దముక్కలను కూడ పిల్లలకు అందకుండ ఉంచవలెను; పలక బలపమని తలచి నోటిలో పెట్టుకొన్న పిల్లవానికి అపాయము. ఎవరైన విషము మ్రింగినచో బలవంతముగ వాంతి చేయించక, ఆ మందు డబ్బాను వెంట తీసికొని ఆసుపత్రికి పోవలెను.

ఇంత చేసినను సాలెపురుగు చచ్చునా యనగా, అదియు నమ్మకము లేదు. బొద్దింకవలె అది పొట్టను నేలకు రాచుచు నడువదు. కాలి కొనలపై నిలిచి నడచును. మందు పూసిన నేల దానికి తగులునది తక్కువ. దాని ఎర చచ్చును, అది మిగులును. మరల పురుగులు వచ్చినపుడు అదియు వృద్ధిపొందును.

హిందూపురము, పెనుకొండ, మడకశిర ప్రాంతములలో పట్టుపురుగులు పెంచు కుటుంబములకు ఇది మరింత ముఖ్యము. పట్టుపురుగు అత్యంత సుకుమారమైన జీవి. పెంపకపు గదిలో గాని, ప్రక్క గదిలో గాని చల్లిన కీటకనాశిని తుంపర మల్బరీ ఆకుపై పడినచో, సాలెపురుగుకంటె ముందు పట్టుపురుగులు చచ్చును. నెలదినముల శ్రమ ఒక్క పూటలో మట్టిపాలగును. పెంపకపు గదిలోని బూజును పంటకు ముందుగ చీపురుతో దులిపి, పిమ్మట పట్టుపరిశ్రమ శాఖవారు చెప్పిన క్రమమున క్రిమిశుద్ధి చేయవలెను. కిటికీలకు సన్నని వల బిగించినచో సాలెపురుగే కాదు, పట్టుపురుగునకు ప్రబల శత్రువగు ఊజి ఈగయు లోనికి రాదు.

పొలమున మిత్రుడు

ఇంటిలో మనకు వలదనిపించు సాలెపురుగు పొలమున మనకు కూలి అడుగని పాలేరు. ప్రపంచమందలి సాలెపురుగులు అన్నియు కలిసి ఏడాదికి 40 కోట్ల నుండి 80 కోట్ల టన్నుల ఎరను తినునని 2017లో శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. ఆ ఎరలో అధికభాగము పురుగులే. వరిలో సుడిదోమను, పచ్చదోమను వేట సాలెపురుగు పట్టి తినును. అవసరము లేకయే మందు చల్లిన పొలమున మొదట చచ్చునది ఈ మిత్రుడు. తరువాత దోమ మరల పెరిగినపుడు దానిని తినువాడుండడు. కావున గట్లమీది గరాటు వలలను చూచినపుడు రైతు సంతోషింపవలెను.

మన సీమకు సాలెపురుగు వలన వచ్చిన కీర్తియు ఒకటి కలదు. 1899లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు పోకాక్ నీలమణివలె మెరయు ఒక పెద్ద సాలెపురుగును వర్ణించి పేరు పెట్టెను. అది దొరికినది మన గుత్తి రైలుస్టేషను కలప నిలువలో. ఆ పిమ్మట నూరేండ్లకు పైగ అది ఎవరికంటను పడలేదు. 2001లో నంద్యాల గిద్దలూరుల నడిమి అడవిలో మరల కనుగొనిరి. చెట్ల తొర్రలలో నివసించు ఈ జాతి అంతరించు ప్రమాదము మిక్కిలి తీవ్రముగ నున్నదని 2008లో ప్రకటించిరి. 2019 నుండి దీని అంతర్జాతీయ వ్యాపారముపై ఆంక్షలున్నవి. ప్రపంచమంతట గుత్తి పేరుతో పిలువబడు ఈ నీలి సాలెపురుగును మన పిల్లలలో ఎందరు ఎరుగుదురు?

ముగింపుగ మేము చెప్పునది ఇంతే. ఇంటిలో సాలెపురుగు కనబడినపుడు భయపడక దాని కాళ్లు లెక్కింపుడు. చీపురుతోనో, డబ్బాతోనో బయటకు పంపుడు. మందుడబ్బా ముట్టకుడు. రాత్రి నిద్రలో ఏదో కుట్టినదన్నప్పుడు మాత్రము గోడవైపు చూడక, ఆ మనిషి కనురెప్పలవైపు చూడుడు. అవి వాలుచున్నచో తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి బయలుదేరుడు. ఆ రాత్రి కాపాడుకొన్న ప్రాణము మీ ఇంటి దీపము.